తాత కళ్ళారా చూసింది వికీపీడియాలో ఎందుకు తీసేసారు?

ప్రశ్న: అక్కా, మేం ఉప్పల్‌లో ఉంటాం. ఎమ్మెస్సీ అయిపోయింది, జాబ్ వెతుక్కుంటూ ఖాళీ టైంలో తెలుగు వికీపీడియాలో రాస్తుంటా. మా తాతది జనగామ వైపు ఒక ఊరు. 1948లో ఇండియా సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన పోలీస్ యాక్షన్ అప్పుడు ఆయనకి పన్నెండేళ్ళు, రజాకార్లు (నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం) ఊరి మీద పడి ఇళ్ళు తగలబెడుతుంటే కళ్ళారా చూసాడు. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన చరిత్ర మీద ఉన్న ఒక పేజీలో, ‘కిరాతక రజాకార్ల నరకం నుంచి మన పల్లెలకు సెప్టెంబర్ 17న విముక్తి దొరికింది’ అని మొదలుపెట్టి తాత చెప్పింది నాలుగు లైన్లు రాసా, ‘విలీనం’ అని ఉన్న చోటల్లా ‘విమోచన’ అని మార్చా. తెల్లారేసరికి ఒక సీనియర్ మొత్తం తీసేసాడు, ‘మూలం లేదు, తటస్థంగా లేదు’ అని ఒక్క ముక్క రాసి. మళ్ళీ పెట్టా, మళ్ళీ తీసాడు, అలా మూడుసార్లు. అదే పేజీలో పోలీస్ యాక్షన్‌లో ‘లక్షల మంది’ చనిపోయారని మూలం లేకుండా ఒక లైన్ ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కోపమొచ్చి చర్చ పేజీలో ‘నువ్వు ఎవరి మనిషివో తెలుసులే’ అని రాసేసా. మా కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో చెప్తే ఐదారుగురు కొత్త అకౌంట్లు చేసుకుని నాకు సపోర్ట్‌గా వస్తామంటున్నారు. తాతకి విషయం చెప్తే ‘అంటే నేను అబద్ధం చెప్పాననా?’ అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. తటస్థత అంటే చూసినోళ్ళ మాట తీసేయడమా? ఇదంతా మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: చెల్లెమ్మా, ముందు తాతకి జవాబు చెప్పు, వికీపీడియా సంగతి తర్వాత చూద్దాం. ఆయన అబద్ధం చెప్పాడని ఎవ్వరూ అనలేదు, ఆ సీనియర్ కూడా అనలేదు. ‘మూలం లేదు’ అంటే చదివేవాళ్ళు దాన్ని చెక్ చేసుకోవడానికి దారి లేదు అని, అంతే. నీకు తాత ఇంట్లోనే ఉన్నాడు, డౌట్ వస్తే పక్క గదిలోకి వెళ్ళి అడుగుతావ్, మరి శ్రీకాకుళంలో కూర్చుని ఆ పేజీ చదివే టెన్త్ పిల్లాడు ఎవరిని అడగాలి? వికీపీడియాలో రాసేవాళ్ళు ఎవరో చదివేవాళ్ళకి తెలీదు, చాలామంది అసలు పేర్లు కూడా పెట్టుకోరు, కాబట్టి రాసినోళ్ళని చూసి నమ్మమని అడగడానికి కుదరదు, ఎక్కడ అచ్చయిందో చూపించి నమ్మమంటాం. ఈ మాట తాతకి నిదానంగా చెప్పు. ఆయన జ్ఞాపకానికి విలువ లేదని కాదని ముందు ఆయనకి తెలియాలి, ఆ విలువ నిలబెట్టే పనేంటో కిందికి వచ్చాక చెప్తా.

ఇంకోటి అర్జెంటుగా చెయ్యాలి. ఆ వాట్సాప్ ఫ్రెండ్స్‌ని ఇవాళే ఆపు. వాళ్ళు మంచిమనసుతోనే అన్నారు, నాకు తెలుసు, కానీ ఒకే రోజు పుట్టిన అకౌంట్లు అన్నీ వచ్చి ఒకే పేజీలో ఒకే మాట మాట్లాడితే అక్కడ ఎన్నేళ్ళుగానో పని చేస్తున్నవాళ్ళకి ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది, ఆ తర్వాత నువ్వు ఎంత మంచి పుస్తకం తెచ్చి చూపించినా అందరికీ గుర్తుండేది ‘మందిని వేసుకొచ్చిన అమ్మాయి’ అనే. అసలు అక్కడ తలలు లెక్కపెట్టి తేల్చరు. పదిమంది వచ్చి ‘అవును అవును’ అన్నదానికంటే ఒక్కరు వచ్చి ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఇలా ఉంది అన్నదానికే బరువెక్కువ. వాళ్ళకి నిజంగా ఇంట్రెస్ట్ ఉంటే సంతోషం, తలా ఒక వేరే పేజీ పట్టుకుని రాయమను, వాళ్ళ ఊరి చెరువు గురించో వాళ్ళు చదివిన సబ్జెక్ట్ గురించో.

అలాగే నాలుగోసారి మళ్ళీ పెట్టకు. ఇంగ్లీష్ వికీపీడియాలో అయితే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకి మించి రివర్ట్ చేస్తే (అంటే వేరేవాళ్ళు చేసిన మార్పుని వెనక్కి తిప్పేస్తే), నీదే రైట్ అయినా సరే, బ్లాక్ చేసేయొచ్చు, తెలుగులో అందరం తక్కువమందిమే కాబట్టి కొంచెం ఓపిక పడతారు గానీ ఎడిట్ వార్ అంటే అక్కడా ఎవరికీ పడదు. నువ్వు రాసింది పోయిందని కంగారు పడకు. ‘చరిత్ర’ ట్యాబ్ నొక్కి చూడు, నీ ప్రతి దిద్దుబాటూ తేదీ టైంతో సహా అక్కడే ఉంటుంది, రేపు ఒప్పందం కుదిరాక అక్కడినుంచే తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు రాసిన ఆ మొదటి లైన్ చూద్దాం. ఇందులో నాకు నాలుగు చోట్ల ఇబ్బంది ఉంది. ‘కిరాతక’ అనేది నీ తీర్పు, ‘నరకం’ కూడా నీ తీర్పే, ‘మన’ అంటే ఎవరిది, చదివేవాళ్ళంతా తెలంగాణ పల్లెల వాళ్ళు కారు కదా, ఇక ‘సెప్టెంబర్ 17న విముక్తి’ అన్నది చాలామంది ఒప్పుకునే మాటే గానీ అందరూ ఒప్పుకునేది కాదు. అయితే ఇందులో ఉన్న అసలు విషయం, రజాకార్లు పల్లెల మీద పడి జనాన్ని చంపారు, ఇళ్ళు తగలబెట్టారు అన్నది మాత్రం గట్టిగా నిలబడే నిజం, దానికి మూలాలు బోలెడున్నాయి. దాన్నే ఇలా రాసావనుకో: ‘1948 ఆగస్టు 27న రజాకార్లు బైరాన్‌పల్లి మీద దాడి చేసి పదులకొద్దీ గ్రామస్తులను చంపారు. అంతకు కొద్ది రోజుల ముందే, రజాకార్లను విమర్శించిన ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడలో హత్య చేసారు.’ రెండు వాక్యాలకీ పక్కన పుస్తకం పేరు, పేజీ నంబర్. ఇందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క విశేషణం లేదు, కానీ చదివినవాళ్ళకి ఒళ్ళు జలదరించదా చెప్పు? జరిగింది అంత ఘోరమైనప్పుడు ‘ఘోరం’ అని మనం పైనుంచి రాయక్కర్లేదు, ఊరు పేరు, తేదీ, ఏం చేసారో రాస్తే చాలు. పైగా ఆ వాక్యాన్ని తీసేయడం ఎవరికైనా కష్టం. ‘కిరాతక’ ఉన్న వాక్యాన్ని తీసేయడానికి కారణం వెతుక్కోవాల్సిన పనే లేదు.

బైరాన్‌పల్లిలో చనిపోయినవాళ్ళ సంఖ్య ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది, అందుకే నేను పైన సంఖ్య రాయలేదు. నువ్వు రాసేటప్పుడు ఏ పుస్తకం ఎంత చెప్పిందో దాని పేరుతోనే రాయి, నీకు నచ్చింది ఏరుకుని మిగతావి వదిలేయకు.

ఇక ఆ పేరు లొల్లి. దీన్ని నువ్వూ ఆ సీనియరూ కలిసి ఒక రాత్రిలో తేల్చలేరమ్మా, గవర్నమెంట్లే తేల్చుకోలేదు. 2022 సెప్టెంబర్ 17 గుర్తుందా, పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినోత్సవం జరిపింది, అదే పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం అని జెండా ఎగరేసింది, మధ్యలో ఎంత దూరం ఉంటుంది చెప్పు. తర్వాత 2024 మార్చిలో కేంద్రం ఏటా విమోచన దినోత్సవం జరపాలని గెజిట్ ఇచ్చింది, అదే ఏడు సెప్టెంబర్‌లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. కమ్యూనిస్టుల్లో విలీనం అనేవాళ్ళున్నారు, విద్రోహం అనేవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే 1946లో వాళ్ళు మొదలుపెట్టిన సాయుధ పోరాటం 1948తో ఆగలేదు, 1951 దాకా సాగింది, ఆ మూడేళ్ళు వాళ్ళని వేటాడింది యూనియన్ సైన్యమే. ఇన్ని పేర్లలో ఒకటి నువ్వు పట్టుకుని పేజీ అంతా ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టినట్టు మార్చేస్తే అది నీ పక్షం గెలిచినట్టు ఉంటుంది గానీ చదివేవాళ్ళకి ఏమీ తెలియదు. ఎవరు ఏ పేరుతో పిలుస్తారు, ఎందుకు పిలుస్తారు, ఎప్పటినుంచి అని ఒక విభాగం రాయి. అందులో ‘విమోచన’ కూడా గౌరవంగా ఉంటుంది, ఆ మాట అనేవాళ్ళ కారణాలతో సహా. పంచాయితీలో తీర్పు చెప్పే పెద్దమనిషి సీటు మనది కాదు, ఎవరేమన్నారో తు.చ. తప్పకుండా రాసుకునే మనిషి సీటు మనది.

జరిగిన పనుల దగ్గర మాత్రం ఇంత గొడవ లేదు చూడు. 1948 సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం నాలుగు వైపులనుంచీ రావడం, 17 సాయంత్రం నిజాం రేడియోలో ప్రకటన చేయడం, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ వెళ్ళి ఇండియా సైన్యం తరఫున వచ్చిన జనరల్ చౌదరికి లొంగిపోవడం, వీటిని ఏ పక్షం వాళ్ళూ కాదనరు. పేజీలో వెన్నెముక ఇదీ. దీన్ని ముందు గట్టిగా కట్టి పేర్ల సంగతి తర్వాత పెట్టుకుంటే సగం లొల్లి తగ్గిపోతుంది.

‘లక్షల మంది’ లైన్ గురించి నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. నీది మూలం లేదని తీసేసి దాన్ని వదిలేయడం తప్పే, ఆ మాట చర్చ పేజీలో మర్యాదగా అడిగే హక్కు నీకుంది. కానీ కసితో దాన్ని పీకేయకు, దాన్ని బాగుచెయ్యి. 1948 చివర్లో కేంద్రం పండిట్ సుందర్‌లాల్ ఆధ్వర్యంలో ఒక కమిటీని సంస్థానంలోకి పంపింది, వాళ్ళు ఊరూరూ తిరిగి రిపోర్ట్ ఇచ్చారు, ఎంత తక్కువగా అంచనా వేసుకున్నా పోలీస్ యాక్షన్ టైంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అందులో ఉంది. ఆ రిపోర్ట్ చాలా ఏళ్ళు బయటికి రాలేదు, 2013లో ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అందరికీ చూడ్డానికి దొరికింది. అంతకంటే ఎక్కువ చెప్పే అంచనాలూ ఉన్నాయి, వాటిని చెప్పినవాళ్ళ పేరు మీదే పెట్టాలి. కాబట్టి ‘లక్షల మంది చనిపోయారు’ అని వికీపీడియా తన నోటితో అనకూడదు, ‘సుందర్‌లాల్ కమిటీ ఇంత అంచనా వేసింది, ఫలానా రచయిత ఇంత అన్నారు’ అని రాయాలి.

ఈ పని నువ్వే చెయ్యాలని నా కోరిక. ఎందుకో చెప్తా. ఆ రిపోర్ట్ ప్రకారం బాగా దెబ్బతిన్న జిల్లాలు నాలుగు, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఇప్పుడవి మహారాష్ట్రలో, కర్ణాటకలో ఉన్నాయి. అంటే మీ తాత జనగామ వైపు పన్నెండేళ్ళ పిల్లాడిగా రజాకార్లని చూసిన ఆ రోజుల్లోనే, కొన్ని వారాల తేడాతో, బీదర్ వైపు ఇంకో పన్నెండేళ్ళ పిల్లాడు వాళ్ళ నాన్నని పోగొట్టుకుని ఉంటాడు, ఆయన రజాకారూ కాదు ఏమీ కాదు, మామూలు మనిషి. ఆయన మనవరాలు కూడా నీలాగే వికీపీడియాకి వస్తే? ‘మా తాత కళ్ళారా చూసాడు’ అని ఆ అమ్మాయి కూడా నిజమే చెప్తుంది. నీ నాలుగు లైన్లు ఉంచి ఆమెవి తీసేసినా, ఆమెవి ఉంచి నీవి తీసేసినా పేజీ పాడైనట్టే. బైరాన్‌పల్లీ ఉండాలి, ఉస్మానాబాదూ ఉండాలి, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేసే పని మాత్రం ఎవరూ చేయకూడదు, నాకు ఈ విషయంలో రాజీ లేదు. అదే రిపోర్ట్‌లో ప్రాణాలకి తెగించి ముస్లిం కుటుంబాలని దాచి కాపాడిన హిందువుల గురించి కూడా ఉంది, హిందూ నేతగాళ్ళు తోటి ముస్లిం నేతగాళ్ళని కాపాడుకున్న సంగతి ప్రత్యేకంగా రాసారు. ఇలాంటివి ఏ పక్షం ఉపన్యాసంలోనూ వినపడవు, అన్ని మూలాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే దొరుకుతాయి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు పక్కలా రాయడం అంటే చెరి సగం పంచడం కాదు. రేపు ఎవరో వచ్చి ‘రజాకార్లు అసలు ఎవరినీ ఏమీ అనలేదు, అంతా కట్టుకథ’ అంటే తటస్థత పేరు చెప్పి దానికి పేజీలో సగం ఇవ్వక్కర్లేదు, చరిత్రకారులు ఎంత బరువిచ్చారో అంతే ఇవ్వాలి, ఎవరూ ఇవ్వకపోతే అసలు ఇవ్వక్కర్లేదు. పోలీస్ యాక్షన్ తర్వాత ఏమీ జరగలేదు అనేవాళ్ళకీ ఇదే రూలు.

మూలాల్లో కూడా అన్నీ ఒకటి కాదు. అప్పట్లో నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ తన జ్ఞాపకాలు పుస్తకంగా రాసాడు, అదే టైంలో ఇండియా తరఫున ఇక్కడ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ కూడా రాసాడు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఒకే రోజుల్లో ఉన్నవాళ్ళు, రెండూ పక్కపక్కన పెట్టి చదువు, రెండు వేరే హైదరాబాద్‌లు కనపడతాయి. ఇద్దరినీ వాడుకోవచ్చు, ‘లాయక్ అలీ ఇలా రాసాడు’, ‘మున్షీ ఇలా రాసాడు’ అని, కానీ వాళ్ళు చెప్పిన అభిప్రాయాన్ని పేరు లేకుండా పేజీలో ఎక్కించకూడదు. సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పుస్తకమూ అంతే, అందులో ఉన్నంత వివరం ఇంకోచోట దొరకడం కష్టం, అయినా అది ఆ పోరాటాన్ని నడిపిన నాయకుడి మాట అని చదివేవాళ్ళకి తెలియాలి. వీలైనంత వరకు ఆ గొడవల్లో లేని, తర్వాత తరం చరిత్రకారులు వీళ్ళందరినీ చదివి రాసినవి ముందు పెట్టుకో.

ఇప్పుడు ఆ సీనియర్ సంగతి. ఆయన తీసేయడం రూల్ ప్రకారమే, కానీ ఒక్క ముక్క రాసి వదిలేయడం నాకు అస్సలు నచ్చలేదు. కొత్తగా వచ్చిన అమ్మాయి నాలుగు లైన్లు కష్టపడి రాస్తే, నీ చర్చ పేజీకి వచ్చి ‘ఇది ఇందుకు తీసాను, ఇలాంటి పుస్తకం చూపిస్తే పెట్టుకోవచ్చు’ అని రెండు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? మనవాళ్ళలో ఎంతోమంది మొదటి వారంలోనే ఇలా మనసు విరిగి వెళ్ళిపోయారు, అసలే చేసేవాళ్ళు తక్కువ, 2003 డిసెంబర్‌లో మొదలైనప్పటినుంచీ ఇన్నేళ్ళూ కొద్దిమందే భుజాన వేసుకుని నడిపిస్తున్నారు, ఇంకో మనిషిని పోగొట్టుకునే స్థితిలో లేం. సీనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

కానీ నువ్వన్న ‘ఎవరి మనిషివో తెలుసులే’ మాట కూడా బాలేదమ్మా. ఆయన ఎవరి మనిషైనా ఆ వాక్యానికి మూలం ఉందా లేదా అన్నది మారదు. అక్కడ మనిషి గురించి మాట్లాడకూడదు, దిద్దుబాటు గురించే మాట్లాడాలి. ముందు ఆ లైన్‌ని కొట్టివేత గీత పెట్టి వెనక్కి తీసుకో, డిలీట్ చేస్తే దాచినట్టు ఉంటుంది. తర్వాత ఇలాంటిదేదో నీ మాటల్లో రాయి:

‘అండీ, నిన్న కోపంలో రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా, క్షమించండి. నేను చేర్చిన లైన్లకి మూలం లేదన్నది ఒప్పుకుంటా. రజాకార్ల దాడుల గురించి పుస్తకాల ఆధారంతో మళ్ళీ రాసి, పేజీలో పెట్టేముందు ఇక్కడే చూపిస్తా. దినోత్సవం పేర్ల మీద ఒక విభాగం పెడదామని నా ప్రతిపాదన. అలాగే మృతుల సంఖ్య మీద ఉన్న లైన్‌కి కూడా మూలం లేదు, దాన్ని సుందర్‌లాల్ కమిటీ రిపోర్ట్‌తో సరిచేద్దామా? మీరేమంటారు?’

వారం పది రోజులు ఆగు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చునేవాళ్ళు అందరూ, వెంటనే జవాబు రాకపోతే అవమానం అనుకోకు. అప్పటికీ పలకకపోతే, లేదా మూలం చూపించినా తీసేస్తుంటే, రచ్చబండలో (తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ) పెట్టి మిగతావాళ్ళని చూడమని అడుగు, లేదా ఒక నిర్వాహకుడి చర్చ పేజీలో రాయి. అక్కడ కూడా ‘నాకు సపోర్ట్ చేయండి’ అని అడగకు, ‘ఈ చర్చ చూసి మీ అభిప్రాయం చెప్పండి’ అని అడుగు.

తాత జ్ఞాపకాల దగ్గరికి వద్దాం. ఆయనకి ఇప్పుడు తొంభై దగ్గర పడి ఉంటాయి, ఈ పని రేపటికి వాయిదా వేయకు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి అడుగు, ఒకేసారి కాదు, రోజూ కాసేపు. ‘రజాకార్లు ఏం చేసారు తాతా’ అని అడిగితే అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన ముచ్చటే మళ్ళీ చెప్తాడు. ఆ రోజు ఏం వండుకున్నారు, ఏ వాడ వైపునుంచి వచ్చారు, మీరు ఎక్కడ దాక్కున్నారు, ఊళ్ళో ముస్లిం కుటుంబాలు ఎన్ని ఉండేవి, తర్వాత వాళ్ళేమయ్యారు, ఇలా అడుగు. తేదీ, ఊరు, మాట్లాడుతున్నదెవరు అన్నది రికార్డింగ్ మొదట్లోనే చెప్పించు. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఇంకోచోట.

వికీపీడియాలో దీన్ని నేరుగా వాడలేం. నోటిమాటని మూలంగా తీసుకోవచ్చా అని 2011లో ఇండియాలో, సౌత్ ఆఫ్రికాలో ఒక ప్రయోగం కూడా జరిగింది, మలయాళం, హిందీ, సెపెడి భాషల్లో, అచ్చులో లేని విషయాలు మనలాంటి చోట్ల ఎన్ని ఉన్నాయో దాంతో చాలామందికి తెలిసొచ్చింది, అయినా మామూలు రూల్ మాత్రం అచ్చయిన మూలమే. కాబట్టి అచ్చు దాకా తీసుకెళ్ళు. ఏటా సెప్టెంబర్ వస్తే పేపర్ల జిల్లా పేజీల వాళ్ళు అప్పటి పెద్దవాళ్ళ కోసం వెతుకుతూ ఉంటారు, మీ జనగామ రిపోర్టర్‌కి ముందే చెప్పి పెట్టు. ఉస్మానియాలో హిస్టరీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి ఈ కాలం మీద రీసెర్చ్ చేసేవాళ్ళెవరైనా ఉన్నారా కనుక్కో, వాళ్ళకి ఇలాంటి రికార్డింగ్ బంగారం. అలా ఒకచోట అచ్చయితే ‘ఫలానా ఊరివాసి గుర్తు చేసుకున్నారు’ అని మీ ఊరి పేజీలో ఒక వాక్యానికి చోటు దొరకొచ్చు. అప్పుడు కూడా ఆ వాక్యం నువ్వు పెట్టకు, మీ తాత కాబట్టి చర్చ పేజీలో సంగతి చెప్పి ఇంకెవరినైనా చూసి పెట్టమను. ఎంతమంది చనిపోయారు లాంటి లెక్కలకి మాత్రం ఇన్నేళ్ళ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూ చాలదు, దానికి పుస్తకమే కావాలి. మీ ఊళ్ళో అమరవీరుల స్తూపం ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు నువ్వే ఫోటో తీసి వికీపీడియా వాడుకునే ఫోటోలు ఉండే వికీమీడియా కామన్స్‌లో పెట్టు, దాని మీద చెక్కిన పేర్లు చదవగలిగేంత దగ్గరగా ఇంకో ఫోటో తీయి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఎవరితో గొడవా లేదు.

మానేయాలా అని అడిగావు. నీకు విసుగొచ్చి మానేస్తే నేను ఆపను, ఇది జీతం లేని పని. ఈ ఒక్క గొడవ వల్ల అయితే మాత్రం వద్దు, ఎందుకంటే నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావ్, ఈ టాపిక్ మీద రాయడానికి ఇంతకంటే మంచి ఊరు లేదు. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ముందు బాగ్‌లింగంపల్లికి వెళ్ళు, సాయుధ పోరాటం పుస్తకాలు కావాలని అడుగు. ఒక నోట్‌బుక్ తీసుకెళ్ళి రచయిత పేరు, పబ్లిషర్, సంవత్సరం, పేజీ నంబర్ అక్కడే రాసుకో, ఇంటికొచ్చాక పేజీ నంబర్ గుర్తు రాక మళ్ళీ పరుగెత్తేవాళ్ళే ఎక్కువ. వీలైతే ఉర్దూ చదవడం వచ్చిన ఫ్రెండ్‌ని ఒకర్ని వెంట తీసుకెళ్ళు, ఆ కాలం పత్రికల్లో, కాగితాల్లో సగం ఉర్దూలోనే ఉన్నాయి, మనం తెలుగు, ఇంగ్లీష్ మాత్రమే చదివి రాస్తే ఆ సగం ఎప్పటికీ పేజీలోకి రాదు. అకౌంట్ చేసుకుంటామన్న నీ ఫ్రెండ్స్‌లో ఉర్దూ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడిగి చూడు.